చలికాలం సూది పని, దాని వెల

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల ఉపకమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు పొద్దున విన్నారు. మాకు అప్పగించిన అంశం వేరు. చలికాలంలో మనం ఇంట్లో కూర్చుని చేసే చేతిపని గురించి మాట్లాడమన్నారు. బొంత కుట్టడం, అద్దాల పని, పూల కుట్లు, ఈ మధ్య మన ఆడపిల్లలు నేర్చుకున్న ఫెల్ట్ గుడ్డ తోరణాలు, బొమ్మలు, ఇవన్నీ అందులోకి వస్తాయి. "గిది సుత సభల మాట్లాడే ముచ్చటేనా?" అని కొందరు అక్కలు నవ్వారు. మాట్లాడవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్తాం.

పోయిన చలికాలం ఒక వ్యాపారి మన ఊళ్ళలో, తండాల్లో ఇల్లిల్లూ తిరిగాడు. కత్తిరించిన ఫెల్ట్ ముక్కలు, రంగు దారాలు ఇచ్చి, కుట్టిన తోరణాలు లెక్కపెట్టి తీసుకుపోయాడు. ఒక ఇంట్లో ఒక రేటు చెప్పాడు, అదే వాడలో నాలుగిళ్ళ అవతల ఇంకో రేటు చెప్పాడు. ఎవరు అడిగినా ఆయన మాట ఒక్కటే: "ఖాళీగ కూసునే బదులు టీవీ చూసుకుంట నాలుగు కుట్లు ఏసుకుంటే ఏం పోతది?" దసరా దాటగానే మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు. ఆయన వచ్చేలోగా మనమంతా ఒక మాట మీదికి రావాలన్నదే మా ఉద్దేశం.

మన చలి, మన పని

ఉమ్మడి ఆదిలాబాద్ చలి ఎట్లా ఉంటుందో మీకు చెప్పేదేముంది? రాష్ట్రంలో అందరికంటే ముందు వణికేది మనమే. రాత్రి చలి పది డిగ్రీల కిందికి పడిపోయే రోజులు ప్రతి ఏడూ ఉంటాయి. సాయంత్రం ఐదున్నర దాటితే పొద్దు కుంకుతుంది. వంట తొందరగా అవుతుంది. రాత్రి పెద్దది, పని చిన్నది అనిపిస్తుంది. అందుకే చేతిపనికి చలికాలం మంచిదని అందరూ అంటారు.

కానీ చలికాలం మనకు పూర్తిగా తీరిక కాలం కూడా కాదు. పత్తి ఏరడం సంక్రాంతి దాటేదాకా సాగుతుంది. పొద్దంతా చేనులో వంగి ఏరి, వేళ్ళు కాయ పెచ్చులకు గీరుకుని, ఇంటికి వచ్చి, రొట్టెలు చేసి, గిన్నెలు కడిగి, ఆ తర్వాత సూది పడతాం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. "తీరిక వేళ పని" అనే మాట ఎవరైనా అన్నప్పుడు ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలిసి ఉండాలి.

మన దగ్గర ఈ పనికి ఎన్ని పేర్లో చూడండి. తెలుగు ఇళ్ళలో బొంత అంటాం. మరాఠీ మాట్లాడే అక్కలు గోధడి అంటారు. కర్ణాటకలో కౌది అంటారు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని. పేర్లు వేరైనా పని ఒక్కటే: పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, సన్నటి కుట్టుతో ఒకటి చేయడం. బెంగాల్ కాంథా పనికి పేరు తెచ్చిన ప్రీతికణా గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్ది స్త్రీలు కుట్టే కవండిని ఇప్పుడు దేశదేశాల్లో ప్రదర్శనల్లో గోడలకు వేలాడదీస్తున్నారు. వాళ్ళు అంచుల దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. నాలుగు మూలల్లో గుడ్డ మడతలతో పువ్వులు పెడతారు. పువ్వు లేని కవండి వాళ్ళ లెక్కలో పూర్తయినట్టు కాదు.

తండాల్లో లంబాడా అమ్మలు చేసే పని ఇంకా గొప్పది. కాంచళి మీద, ఫేటియా మీద అద్దాలు, గవ్వలు కుట్టడం చిన్నప్పటి నుంచి నేర్చుకుంటే గానీ రాదు. ఇప్పుడు చీరలు, నైటీలు వచ్చాయి, ఆ దుస్తులు పెద్దవాళ్ళ ఒంటి మీదే కనిపిస్తున్నాయి. ఆ కుట్టు తెలిసిన యాడీలు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే పిల్లలు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి స్త్రీలు చేసే కుట్టు, మన తండాల్లో చేసే కుట్టు అక్కచెల్లెళ్ళ లాంటివే.

బొంత బాగా నిలవాలంటే

ఈ పని తెలిసిన పెద్దమ్మలు మన సభలో ఎంతోమంది ఉన్నారు. కొత్తగా నేర్చుకునే కోడళ్ళ కోసం, వాళ్ళు చెప్పిన నాలుగు మాటలు ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

నూలు చీరే తీసుకోవాలి. పాలిస్టర్ చీర జారుతుంది, చెమట పీల్చదు, దానిలో కుట్టు నిలవదు. పాత చీరను వేడి నీళ్ళలో ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టాలి. కొత్త గుడ్డను పాత గుడ్డతో కలిపితే, మొదటి ఉతుకులో కొత్తది కుంచించుకుపోయి బొంత ముడుచుకుంటుంది. కాబట్టి కొత్తదాన్ని కూడా ఒకసారి నీళ్ళలో వేసి తీయాలి. చిరిగిన చోటు నడుమ పొరల్లోకి పోవాలి, గట్టి గుడ్డ పైనా కిందా రావాలి. నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ముడతలు లేకుండా లాగి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. ఆ తర్వాతే అసలు కుట్టు. వరుసకూ వరుసకూ మధ్య ఒక వేలెడు వెడల్పు చాలు. దారం బాగా బిగించి లాగితే గుడ్డ ముడుచుకుంటుంది, వదులుగా వదిలితే పిల్లల కాలి వేళ్ళు ఇరుక్కుంటాయి. నాలుగు పొరలు దాటితే మామూలు సూది వంగుతుంది, అప్పుడు పెద్ద సూది కావాలి, వేలికి అంగుష్ఠానా పెట్టుకోవాలి.

పసిపిల్లల బొంతకు ఒక్క నియమం. దాని మీద అద్దాలు, గుండీలు, పూసలు, ఫెల్ట్ పువ్వులు ఏమీ కుట్టవద్దు. ఊడితే పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. మెత్తని పాత చీర, సాదా కుట్టు, అంతే. మన రాష్ట్రంలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు వచ్చింది కదా. ఆ కత్తిరింపు ముక్కలు పారేయకండి. పెద్ద బొంతల అంచులకు, సంచులకు అవి పనికొస్తాయి.

ఫెల్ట్ అంటే ఏమిటి?

చాలామంది అడిగారు కాబట్టి చెప్తున్నాం. అసలు ఫెల్ట్ గొర్రె ఉన్నితో అయ్యేది. దానికి మగ్గం అక్కర్లేదు, దారం వడకక్కర్లేదు. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనిపించనంత సన్నని పొలుసులు ఉంటాయి. ఉన్నిని పరిచి, గోరువెచ్చని సబ్బు నీళ్ళు చల్లి, చాపలో చుట్టి, ఒత్తుతూ దొర్లిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఇక విడదీయలేం. ఉన్ని స్వెట్టరు వేడి నీళ్ళలో ఉతికితే పిల్లల స్వెట్టరంత అవుతుంది చూశారా, అక్కడ జరిగేది కూడా అదే. కాశ్మీర్‌లో ఇట్లా చేసిన పరుపు గుడ్డను నమ్దా అంటారు. దాని మీద కొక్కెం సూదితో పూలు, తీగెలు కుడతారు. మంచు పడే ఊళ్ళలో నేల చలి కాళ్ళకు తగలకుండా దాన్ని పరుచుకుంటారు. గుజరాత్‌లోని కచ్‌లో కూడా నమ్దా చేసేవాళ్ళు ఉన్నారు.

మన గొంగడి వేరు. అది కూడా ఉన్నిదే, కానీ నేసింది. కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. వానకూ చలికీ అదే కవచం. ఇప్పుడు ఉన్ని లేని జాతి గొర్రెలు ఎక్కువయ్యాయి, గొంగడి అడిగేవాళ్ళు తగ్గారు. గొంగడి నేసే ఇల్లు మీ ఊళ్ళో ఉంటే ఈ ఏడు ఒక్కటైనా కొనండి. పక్కవాడి చేతిపనికి మనం వెల కట్టకపోతే మన చేతిపనికి వెల అడిగే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

ఫ్యాన్సీ షాపులో రంగురంగుల షీట్లుగా దొరికే ఫెల్ట్ చాలావరకు పాలిస్టర్‌ది. అది చెడ్డదని మేము అనడం లేదు. పిల్లలు నేర్చుకోవడానికి అనువైన గుడ్డ. కత్తిరించిన అంచు పీచు లేవదు, అందుకని మడిచి కుట్టే పని లేదు. అంచు వెంట కంబళి కుట్టు వేస్తే చాలు, చిలుకలు, మామిడి పిందెలు, ఏనుగులు తయారు. కానీ వేడి ఇస్త్రీ పెట్టవద్దు, కరుగుతుంది. కొనేవాళ్ళకు "ఉన్ని ఫెల్ట్" అని చెప్పి అమ్మవద్దు. ఏది ఏ గుడ్డో నిజం చెప్పి అమ్మితేనే మన సమాఖ్య పేరు నిలుస్తుంది.

"తీరిక వేళ పని" అన్న మాట వెనక

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఆ వ్యాపారి అన్న మాట కొత్తది కాదు. చాలా పాతది, మన తెలుగు నేల మీదే దానికి చరిత్ర ఉంది.

గోదావరి డెల్టాలో నరసాపురం ఉంది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళు ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ పని నేర్పారు. ఆ లేసు విదేశాలకు పోయింది, ఇప్పటికీ పోతోంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్ళకు వచ్చి, అల్లే స్త్రీలతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె చూసింది ఏమిటంటే, ఆ స్త్రీలు ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజూ గంటలకు గంటలు లేసు అల్లుతున్నారు. అయినా వాళ్ళను పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు. "ఇంటి ఆడవాళ్ళు, తీరిక వేళ చేసుకుంటున్నారు" అన్నారు. ఆ ఒక్క మాట వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిపోయింది. ఒకరు పువ్వు అల్లితే, ఇంకొకరు ఆ పువ్వులను అతుకుతారు. పూర్తయిన వస్తువు ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోతుందో పువ్వు అల్లిన మనిషికి తెలియదు. సరుకు చేతులు మారే చోట, డబ్బు కూడే చోట మాత్రం ఏజెంట్లు, వ్యాపారులు ఉన్నారు.

మనకు ఇచ్చిన ఫెల్ట్ ముక్కలు గుర్తు చేసుకోండి. ఒక ఇంటికి చిలుకలు, ఒక ఇంటికి ఆకులు. తోరణం ఎక్కడ కూర్చారో, ఎంతకు అమ్మారో మనలో ఎవరికైనా తెలుసా?

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు సంతోషమే. వస్తువుకు గుర్తింపు వచ్చినప్పుడు అల్లిన చేతికి కూలి కూడా పెరగాలి. అది ఎవరో వచ్చి ఇచ్చేది కాదు, అక్కడి స్త్రీలు కలిసి అడిగి తెచ్చుకోవలసిందే.

అట్లా కలిసి అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ గారు 1972లో సేవా సంస్థను స్థాపించారు. అక్కడ బట్టల మిల్లుల్లో మిగిలిన పేలికలను చిండీ అంటారు. వ్యాపారులు ఆ పేలికలను ఆడవాళ్ళకు ఇచ్చి, బొంతలకు పై గలేబులు కుట్టించుకునేవారు. అందులో ఎక్కువమంది పేద ముస్లిం స్త్రీలు. కుట్టేది ఇంట్లోనే, రేటు వ్యాపారిదే. వాళ్ళు సేవాలో చేరి రేటు పెంచమని కలిసి అడిగారు. అడిగినందుకు కొందరికి పని ఆపేశారు. అప్పుడు వాళ్ళు సొంతంగా సబీనా పేరుతో సహకార సంఘం పెట్టుకుని, పేలికలు తామే కొని, కుట్టి, అమ్మారు. లక్నోలో చికన్ కుట్టు కుట్టే స్త్రీలు కూడా 1984 నుంచి సేవా లక్నో సంస్థగా కూడి, దళారి లేకుండా అమ్ముకునే దారి వేసుకున్నారు. ఇట్లాంటి స్త్రీల పోరాటం వల్లనే 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పని చేసేవాళ్ళ హక్కుల మీద 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

పత్తి చేనులో ఉన్న తెలివి సూది దగ్గర ఎటు పోతుంది?

మనం పత్తి ఏరడానికి పోయేటప్పుడు ఏం చేస్తాం? గుంపుగా పోతాం. కిలోకు ఎంతో ముందు తేల్చుకుంటాం. పక్క ఊళ్ళో ఎంత నడుస్తోందో తెలుసుకుంటాం. రేటు కుదరకపోతే చేనులో దిగం. తూకం దగ్గర ఒకరం నిలబడతాం. పటేల్ అయినా సరే, "అక్కా, ఈ ఒక్కసారికి" అంటే ఊరుకోం. ఈ తెలివి మనకు ఎవరూ శిక్షణ ఇచ్చి నేర్పలేదు.

అదే సూది పనికి వచ్చేసరికి ఎవరింట్లో వాళ్ళం ఒంటరిగా ఉంటాం. రేటు అడగడానికి మొహమాటం. "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అని మనకు మనమే చెప్పుకుంటాం. పక్కింటామెకు ఎంత ఇచ్చాడో అడగం, మనకు ఎంత ఇచ్చాడో చెప్పం. చేనులో కలిసి నిలబడే మనం ఇంటి గడప లోపల విడిపోతున్నాం. వ్యాపారికి కావలసింది కూడా అదే.

ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, మీ గంటలు మీరే గడియారం చూసి రాసుకోండి. 2025–26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 38 రూపాయల పైన పడుతుంది. ఒక తోరణం కుట్టడానికి 3 గంటలు పట్టిందనుకుందాం. కూలి ఒక్కటే 115 రూపాయలు కావాలి. ఎవరైనా దానికి 30 రూపాయలు ఇస్తే గంటకు 10 రూపాయలు, రోజంతా కుట్టినా 80 రూపాయలు.

ఇద్దరు పడుకునే పెద్ద బొంతకు 40 గంటలు పట్టిందనుకుందాం. అంటే 5 రోజుల పని. కూలి 1,535 రూపాయలు. దారం, పై గుడ్డ, రానుపోను ఖర్చు కలిపితే 1,900 రూపాయలకు తక్కువ అమ్మలేం. సంతలో మిల్లు దుప్పటి దానికంటే ఎంతో చౌకగా దొరుకుతుంది. కాబట్టి పెద్ద బొంతలు ఊరి సంతలో పెట్టి అమ్ముదాం అంటే కుదరదు. నిజం చెప్పుకోవాలి. చేతిపని విలువ తెలిసి, ముందే ఆర్డరు ఇచ్చే పట్నం వాళ్ళకు, సరస్ మేళాల్లో వచ్చే వాళ్ళకు మాత్రమే అవి అమ్ముడుపోతాయి. పసిపిల్లల బొంత అయితే 8 గంటల్లో అవుతుందనుకుందాం. కూలి 307, దారానికి 40, మేళా ఖర్చు 50 వేసుకుంటే 397. ఎవరైనా 400 రూపాయలకు కొంటారు, మనకూ నష్టం లేదు. ఏది అమ్మకానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అనేది ఇట్లా లెక్క వేస్తేనే తెలుస్తుంది.

అప్పు సంగతి కూడా చెప్పాలి. "ఎంబ్రాయిడరీ మిషను కొంటాం, ఫెల్ట్ షీట్లు టోకుగా తెస్తాం, లోను ఇప్పించండి" అని కొన్ని సంఘాలు అడిగాయి. ఉత్సాహం మంచిదే. కానీ ఆర్డరు చేతిలో లేకుండా సరుకు కోసం అప్పు చేస్తే, సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా వాయిదా మాత్రం నెల నెలా వస్తుంది. ముందు ఇంట్లో ఉన్న పాత చీరలతో, యూనిఫాం ముక్కలతో మొదలుపెట్టండి. ఒక చలికాలం అమ్మి చూసి, లెక్క పుస్తకం చూపించి, అప్పుడు అప్పు అడగండి.

అమ్మకానికి పెట్టనివి

ఇదంతా విని, ఇక ప్రతి కుట్టుకూ పైసలు లెక్కపెట్టాలేమో అని అనుకోవద్దు. చలికాలం రాత్రి పొయ్యి పక్కన నలుగురు కూర్చుని ఒకే బొంతను నాలుగు వైపుల నుంచి కుడుతుంటే వచ్చే ముచ్చట్లకు వెల లేదు. కొత్త కోడలు తన బాధ మొదటిసారి నోరు విప్పి చెప్పేది అట్లాంటి చోటనే. చేతులు పనిలో ఉంటే, కళ్ళు గుడ్డ మీద ఉంటే, ఎదుటివాళ్ళ మొహం చూడకుండానే చెప్పలేని మాట చెప్పవచ్చు. సంఘం సమావేశంలో బయటపడని సంగతులు బొంత దగ్గర బయటపడ్డాయని చాలామంది అక్కలు మాతో అన్నారు.

కూతురు పురిటికి వచ్చే ముందు తల్లి తన చీరలతో కుట్టే చిన్న బొంత ఉంటుంది. పోయిన అవ్వ చీర నడుమ పొరలో పెట్టి కుట్టుకున్న బొంత ఉంటుంది. అవి ఏ మేళాలోనూ పెట్టం. చలికాలం నాలుగు నెలల్లో కొన్ని రాత్రులు మనకోసం ఉంచుకోవడం కూడా మన హక్కే. సూది పట్టాలని లేకపోతే పట్టకండి. వేడిగా దుప్పటి కప్పుకుని పడుకోవడం కూడా మంచి కాలక్షేపమే. పొద్దంతా పత్తి ఏరిన మనిషికి అది దొంగతనం కాదు.

ఒంటి జాగ్రత్త కూడా చూసుకోండి. మసక వెలుతురులో కుట్టవద్దు, దీపం ఎడమ పక్కన పెట్టుకోండి, ఎడమ చేతి వాటం వాళ్ళు కుడి పక్కన పెట్టుకోండి. నలభై దాటాక సూదిలో దారం ఎక్కడం లేదంటే అది వయసుతో వచ్చే దగ్గరి చూపు సమస్య. సిగ్గుపడకుండా కళ్ళు చూపించుకుని అద్దాలు పెట్టుకోండి. అరగంటకు ఒకసారి లేచి నడుము సాపు చేసుకోండి.

సభ ముందు పెడుతున్న తీర్మానాలు

మొదటిది. చేతిపని ఆర్డరు ఎవరు తెచ్చినా, సభ్యురాలు ఒంటరిగా ఒప్పుకోకూడదు. గ్రామ సంఘం సమావేశంలో పెట్టాలి. రేటు మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఊళ్ళన్నింటికీ ఒకటే రేటు.

రెండోది. రేటు ఒప్పుకునే ముందు ముగ్గురు కుట్టి చూడాలి: చేయి తిరిగిన ఒకరు, మామూలుగా కుట్టే ఒకరు, కొత్తగా నేర్చుకున్న ఒకరు. ముగ్గురి గంటలు కలిపి మూడుతో భాగించి, ఉపాధి హామీ రోజు కూలికి తగ్గకుండా రేటు కట్టాలి. తగ్గితే ఆ ఆర్డరు వద్దు.

మూడోది. ప్రతి ఆర్డరుకు చీటీ ఉండాలి. ఇచ్చిన సరుకు ఎంత, తిరిగి ఇవ్వవలసినవి ఎన్ని, రేటు ఎంత, డబ్బు ఏ తేదీన, బాగా లేవని తిప్పి పంపితే ఆ నష్టం ఎవరిది, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. వేలిముద్ర వేసే అక్కకు వీవోఏ చదివి వినిపించాలి.

నాలుగోది. ఇంటి నుంచి కుట్టు పని చేసే ప్రతి సభ్యురాలూ అర్హత ఉంటే ఈ–శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. పని దగ్గర "గృహిణి" అని కాకుండా చేసే పని పేరు రాయించుకోవాలి. హస్తకళ చేసే అక్కలకు కేంద్ర ప్రభుత్వ హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ కార్డు కోసం సమాఖ్య దరఖాస్తులు పెట్టించాలి.

ఐదోది. తండాల్లో అద్దాల కుట్టు తెలిసిన యాడీల దగ్గర ఈ చలికాలం మన ఆడపిల్లలు నేర్చుకునేటట్టు గ్రామ సంఘాలు ఏర్పాటు చేయాలి. నేర్పిన యాడీకి ఆ గంటలకు కూలి ఇవ్వాలి. నేర్పడం కూడా పనే.

ఈ ఐదింటి మీద మీ మాట చెప్పండి. ఒప్పుకోని వాళ్ళు కూడా లేచి చెప్పండి. "అక్కా, ఆ ముప్పై రూపాయలే మా ఇంట్లో ఉప్పూ నూనెకు ఆధారం, ఆర్డరు పోతే ఎట్లా?" అని అడిగే చెల్లెలు ఈ సభలో తప్పకుండా ఉంటుంది. ఆమె భయం న్యాయమైనదే. అహ్మదాబాద్‌లో అడిగిన స్త్రీలకూ పని పోయింది. అందుకనే ఒక్కరిని ముందుకు తోయకుండా అందరం కలిసి అడుగుదాం అంటున్నాం. అట్లా అడిగినందుకు ఎవరికైనా పని ఆగితే, ఆ చలికాలానికి ఆమె ఇంటి ఖర్చుకు సంఘం అంతర్గత అప్పు మొదట ఆమెకే ఇవ్వాలని కూడా తీర్మానంలో కలపమని కోరుతున్నాం.

దసరాకు ఎక్కువ రోజులు లేవు. ఈ తీర్మానాలు మీ గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంలో ఎక్కించుకుని, వచ్చే సమావేశంలో మీ సభ్యులందరికీ చదివి వినిపించండి.